పండగ మర్నాడు పైకప్పు మీద

మా మిద్దె మీద నీళ్ళ తొట్టి పక్కన ఒక తెల్ల ఫైబర్ ముక్క గోడకు ఆనించి ఉంటుంది. వచ్చినవాళ్ళు తొట్టి మూత అనుకుంటారు. మా ఆవిడ వడియాలు ఎండబెట్టుకోవడానికి పనికొస్తుందేమోనని రెండుసార్లు దాని దగ్గరికి పోయి, నా మొహం చూసి వెనక్కి వచ్చేసింది. అది సినిమావాళ్ళకు అద్దెకు తిప్పిన మా పాత కారవాన్ పైకప్పులో ముందు భాగం. పోయిన ఏడు బండిని విడగొట్టేటప్పుడు ఆ ముక్క ఒక్కటి కోసివ్వమని అడిగి తెచ్చుకున్నాను. దాని మీద చెయ్యి పెడితే చాలు, బండి వాసనంతా నా ముక్కుకు వచ్చేస్తుంది. మేకప్ పౌడరు, సాంబ్రాణి, ఎండకు వేడెక్కిన రెక్సిన్, చివరి ఏళ్ళలో బూజు.

ఆ పైకప్పు కారినందువల్ల మా అన్నకూ నాకూ రెండేళ్ళు మాటల్లేవు. తప్పెవరిదో తేలేదాకా నేను ఎంత మొండిగా ఉన్నానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మాది చూలై. మా తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులోని ఈ పేటలో రేకు పని మొదలుపెట్టాడు. నాన్నదీ అదే పని. అన్న ఆ పనినే పెద్దది చేసి, అదే వీధిలో షెడ్డు వేసి, వ్యాన్లకూ లారీలకూ బాడీలు కట్టేవాడు. నాకు రేకు పని అబ్బలేదు. సుత్తి పట్టుకుంటే వేలి మీద కొట్టుకునేవాణ్ణి. స్టీరింగు పట్టుకుని సినిమా కంపెనీలకు బండ్లు తోలడానికి పోయాను. షూటింగుల్లో ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు నా ‘ఈడ’, ‘ఆడ’ విని నవ్వేవాళ్ళు. మధ్యలో నేను అరవంలో ‘సెరి ప్పా’ అంటే ఇంకా నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, నా బండి మాత్రం చెప్పిన టైముకు చెప్పిన చోట ఉండేది.

కారవాన్ ఆలోచన అన్నదే. ఒక పాత బస్సు చాసిస్ దొరికింది. దాని మీద రెండు గదులు, చిన్న బాత్‌రూము, చుట్టూ బల్బులున్న అద్దం, పడుకోవడానికి బల్ల, అన్నీ తనే కట్టాడు. ఆ వేసవంతా షెడ్డులో మధ్యాహ్నం వదిన పంపిన మజ్జిగన్నం తిని, ఆ పక్కనే గోనె పరుచుకుని ఇద్దరం పడుకునేవాళ్ళం. నా జీవితంలో అంత సుఖంగా నిద్రపోయిన రోజులు మళ్ళీ రాలేదు. పైకప్పు ఫైబర్ అతికించాక అన్న నన్ను టార్చి ఇచ్చి లోపల కూర్చోబెట్టాడు. తను పైన ట్యూబుతో నీళ్ళు వదులుతూ, వెనక అంచు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు ముందుకు వచ్చాడు. ఒక్కో చోట చాలాసేపు ఆగేవాడు. నేను లోపల చెమట కారుతూ కూర్చుని విసుక్కున్నాను.

“ఎంతసేపు ప్పా? గబగబా పొయ్యి.”

“గబగబా పోస్తే యాడ కారతా ఉండాదో తెలీదు రా. నీళ్ళు దూరేది ఒక చోట, కారేది ఇంకో చోట. గమ్మున కూచో.”

ఒక్క చుక్క పడలేదు. ఏసీ చుట్టూ, గాలి కోసం పెట్టిన పైకిటికీ చుట్టూ, అతుకు అతుకుకూ నీళ్ళు దూరకుండా ముందే తెల్ల సీలెంట్ ముద్ద పెట్టి, బొటనవేలు తడిపి నున్నగా దిద్దాడు. వేలు ఆడిన చోట ఒక పక్కకు చిన్న వంపు పడేది. అన్న బొటనవేలు చిన్నప్పుడు రేకు కోసుకుని కొంచెం వంకరగా ఉంటుంది. ఆ వంపు చూసి ఇది అన్న పని అని ఎవరైనా చెప్పేయొచ్చు.

ఇక నా సంగతి. నాకు ఆయుధపూజ అంటే పిచ్చి. బండికి పసుపు కుంకుమ, పూలదండ, ముందు చక్రాల కింద నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయ దిష్టి, మరమరాలూ పుట్నాలూ బెల్లం కలిపిన పొట్లాలు, ఇవి అందరూ చేసేవే. అరటి పిలకలు మాత్రం అందరూ బంపరుకు కడతారు. నాకు అది నచ్చలేదు. పురసవాక్కం మార్కెట్టుకు పోయి ఏరి తెచ్చిన పిలకలు మోకాళ్ళ దగ్గర కడితే ఏం కనపడతాయి? పైకప్పు మీద ముందు రెండు మూలలా నిలబెట్టాలి, వీధి చివరి నుంచి చూసినవాడు కూడా ఎవరి బండి రా అది అనాలి. నున్నటి ఫైబరు మీద తాడు కట్టడానికి ఏమీ లేదు. అందుకని రెండు కొక్కేల మరలు తెచ్చి పైకప్పులోకి దించేశాను.

మొదటి ఏడు అన్న చూసి కిందనుంచే అన్నాడు. “రూఫ్‌కి బొక్క పెట్టబాక రా. ఐప్పసి నెల వానలు నెత్తిమీద ఉండాయి.”

“దేవుడి పనికి అడ్డం చెప్పబాక అన్నా. ఏడాదికి ఒక దినం.”

నా మొహం చూసి అన్న ఇంకేమీ అనలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఏ ఏడూ ఆ మాట ఎత్తలేదు. పండగ మర్నాడు మాత్రం తప్పకుండా మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ పూజకు చేసిన శనగ గుగ్గిళ్ళలో కొన్ని మర్నాటికి దాచి తాలింపు పెట్టేది. అన్నకు అవంటే ప్రాణం. వచ్చి, నిచ్చెన వేసుకుని, వాడిన పిలకలు దింపేస్తానని బండెక్కేవాడు. భుజాన ఎప్పుడూ ఉండే పనిసంచి ఉండేది. “ఆయనకెందుకు శ్రమ, మీరు దింపరాదా?” అని మా ఆవిడ నన్ను దెప్పేది. “గుగ్గిళ్ళు ఊరికే తింటే అరగవని ఎక్కుతాడులే” అని నేను నవ్వేవాణ్ణి. పిలకలు కింద పడేసి, కొక్కేలు విప్పి నా చేతికిచ్చి, ఇంకో పావుగంట పైనే కూర్చునేవాడు. గాలికి కూర్చున్నాడనుకునేవాణ్ణి. తర్వాత దిగి గిన్నెడు గుగ్గిళ్ళు తిని, తొండియార్‌పేటలో తను కట్టుకున్న ఇంటికి పోయేవాడు.

మళ్ళీ ఏడు నేను కొక్కేలు దించబోతే పాత చిల్లు కనపడేది కాదు. పైకప్పు ఎండకు రంగు మాసి, దుమ్ము పట్టి ఉండేది. ఎక్కడుందా అని వెతికే ఓపిక నాకు ఎప్పుడుంది గనక. పక్కనే కొత్త చోట దించేవాణ్ణి. అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి. తొమ్మిది ఐప్పసి వానలు, రెండు మూడు తుఫాన్లు. చెన్నై వీధులు పడవలు తిరిగేంతగా మునిగినప్పుడు కూడా నా బండి లోపల బెత్తెడు తడి లేదు.

ఆ బండిలోకి ఎందరో వచ్చి పోయారు. వాళ్ళందరిలో నేను తలుచుకునేది ఒక పెద్దావిడను. బామ్మ వేషాలు వేసేది. నా భాష విని నవ్వనిది ఆవిడ ఒక్కతే. “మాట్లాడు నాయనా, మా అమ్మమ్మ ఇట్లానే మాట్లాడేది” అనేది. ఆవిడకు ఆయాసం, బూజు పడదు. తెర చివరా పరుపు కిందా ఒకసారి వాసన చూసి గానీ కూర్చునేది కాదు. మా అన్న కట్టిందమ్మా అని నేను చెప్పేవాణ్ణి. ఊళ్ళో ఎన్ని కొత్త బండ్లు వచ్చినా మేనేజరుతో నా బండే కావాలని అడిగేది. నేను ఆ గర్వంతో రోడ్డు మీద హారను గూడా తక్కువ కొట్టేవాణ్ణి.

పదో ఏడు అన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. పండగ నాటికి మంచం మీద ఉన్నాడు. మర్నాడు రాలేదు. నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి, పిలకలు లాగి పారేసి, కొక్కేలు విప్పి దిగాను. రెండు నిమిషాల పని. ఈ మాత్రానికి అన్న పావుగంట చేసేవాడే అనుకున్నాను.

రెండు వారాలకు వాన పట్టుకుంది. మూడో రోజు షూటింగులో ఆ పెద్దావిడ అద్దం ముందు కూర్చుని ఉండగా, సీలింగు నుంచి గోధుమరంగు నీళ్ళు ఆవిడ తెల్ల చీర మీద పడ్డాయి. ఆవిడ పైకి చూసి, కుర్చీ పక్కకు జరుపుకుంది. మేనేజరు మాత్రం ఊరుకోలేదు. లైటుబాయ్‌ల ముందు, డ్రైవర్ల ముందు దులిపేశాడు. “కారవాన్ అని చెప్పి జల్లెడ తెచ్చావేంటయ్యా?” అన్నాడు. పదేళ్ళ పేరు ఒక్క చుక్కతో పోయిందనిపించింది.

నాకు ముక్కు మీద కోపం. బండి తీసుకుని తిన్నగా చూలై షెడ్డుకు పోయాను. అన్న అప్పుడే మంచం దిగి, గంజి తాగుతూ షెడ్డులో కూర్చుంటున్నాడు. చుట్టూ పనివాళ్ళు నలుగురు.

“నీ పని ఇంతేనా అన్నా?” అన్నాను. “నీళ్ళు అద్దం ముందర కారతా ఉండాయి. ఏసీ అతుకు ఊడిపోయింది. నీకు చెయ్యి పట్టు తప్పింది. చేతగాకపోతే ఒప్పుకుని ఇంట్లో కూచోవాల, జనం బండ్లు చెడగొట్టగూడదు.”

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. అన్న గంజి గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

“ఈ ఏడు నేను రాలేకపోతిని కదరా” అన్నాడు.

“నువ్వు రాకపోతే ఏమి? నేను కారేదాని గురించి చెప్తా ఉంటే నువ్వు రాకపోకల కథ చెప్తావేంది?”

అన్న గంజి గ్లాసు తీసుకున్నాడు. లేచి లోపలికి పోయాడు. నేను బండి రివర్సు తీసుకుని వచ్చేశాను. అన్నతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే అవుతుందేమోనని రెండేళ్ళు భయపడ్డాను. భయపడ్డాను గానీ పోలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

వేరే మెకానిక్‌ల చేత ఏసీ కింది రబ్బరు గాస్కెట్ మార్పించాను. పైకిటికీ చుట్టూ కొత్త సీలెంట్ పూయించాను. కారేది నడిమధ్యన కాబట్టి అందరూ నడిమధ్యనే పూశారు. వాన రాగానే మళ్ళీ కారేది. ఒకడి సలహా విని బండి మొత్తానికి టార్పాలిన్ కప్పి బిగించాను. నీళ్ళు ఆగాయి గానీ లోపలి తడి బయటికి పోయే దారి లేక, వారం తర్వాత విప్పి చూస్తే రెక్సిన్ అంచుల వెంట నల్లగా, పచ్చగా బూజు. పరుపు కింద బూజు. అల్మరా తలుపు వెనక బూజు. పొడి గుడ్డతో దులిపాను. అది ఇంకా తప్పు. పొడిగా దులిపితే ఆ దుమ్మంతా గాల్లోకి లేచి బండి మొత్తం పాకింది. సాంబ్రాణి వేశాను, వేపాకు పొగ పెట్టాను. రెండు గంటలు గుడి వాసన, మూడో గంటకు మళ్ళీ తడిసిన గోనె వాసన.

రెండో ఏడు ఆ పెద్దావిడ ఒకసారి ఎక్కింది. పరుపు దాకా కూడా పోలేదు. గుమ్మంలోనే నిలబడి దగ్గింది. దగ్గు ఆగాక, నా భుజం మీద చెయ్యి వేసి, “మీ అన్నయ్య చూట్టంలేదా నాయనా దీన్ని?” అంది. “చూస్తాడమ్మా” అని అబద్ధం చెప్పాను. ఆవిడ ఆ రోజంతా చెట్టు కింద కుర్చీలో కూర్చుంది. ఇంకెప్పుడూ నా బండి అడగలేదు.

ఆ రెండేళ్ళూ పండగ మాత్రం మానలేదు. పిలకలు కట్టాను, మర్నాడు నేనే పీకాను. మా ఆవిడ గుగ్గిళ్ళు గిన్నెలో పెట్టి మధ్యాహ్నం దాకా వాకిలి వైపు చూసేది. “నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. మీకు ఊరొద్దు, అన్నైనా ఉండాల కదా?” అంది. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆ రెండో పండగ అయిన వారానికి వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఇక లాభం లేదని సీలింగు మొత్తం విప్పాలనుకున్నాను. మూతికి గుడ్డ కట్టుకుని, రెక్సిన్ కోసి, ప్లైవుడ్ పలకలు ఒక్కొక్కటి ఊడదీశాను. తడిసిన థర్మాకోల్ ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. పైకప్పు లోపలి వైపు మొదటిసారి కనపడింది. పొద్దున పదింటి ఎండ. ముందు మూలల్లో వెలుతురు చుక్కలు. ఒక మూల మూడు, రెండో మూల మూడు. అక్కడి నుంచి ఇనప పట్టీ వెంట నడిమధ్యదాకా తుప్పు చార.

మూడు పండగలు, ఆరు కొక్కేలు. బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు చూశాను మిగతావాటిని. ఆ ఆరింటి పక్కనే, ఒకదాని పక్కన ఒకటి, చిల్లులోంచి లోపలికి దిగి గట్టిపడిన తెల్ల బొట్లు. లెక్క పెట్టాను. పద్దెనిమిది. తొమ్మిదేళ్ళవి. నిచ్చెన వేసుకుని పైకెక్కి, తడిగుడ్డతో దుమ్ము తుడిచాను. ఒక్కొక్క బొట్టు మీదా బొటనవేలితో దిద్దిన గుర్తు, ఒక పక్కకు చిన్న వంపు.

అన్న గుగ్గిళ్ళ కోసం ఎక్కేవాడు కాదు. గాలికి కూర్చునేవాడు కాదు. నేను దేవుడి పేరు చెప్పి పెట్టిన బొక్కల్ని నాకు చెప్పకుండా, పండగపూట నన్ను నొప్పించకుండా, ఏటేటా పూడ్చి పోయేవాడు. ఆ ఏడు రాలేకపోతిని కదరా అన్నది సాకు కాదు. కారణమే చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అందరి ముందూ ఆయన చేతిని తిట్టాను. ఆ పైకప్పు మీదే కూర్చుని ఏడ్చాను. ఎదురింటి మిద్దె మీద బట్టలారేస్తున్నావిడ చూసి ఏమనుకుందో నాకు తెలియదు.

మా ఆవిడకు చెప్పాను. తను ఆ రాత్రే శనగలు నానబెట్టి, మర్నాడు పొద్దున్నే ఉడికించి, కొబ్బరీ మామిడీ వేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. సీలింగు లేని ఆ బండిలోనే తొండియార్‌పేట పోయాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

వదిన తలుపు తీసింది. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుని, “లోపలికి రా” అని మాత్రం అంది. అన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చిక్కిపోయాడు. పేపరు దించలేదు.

“అన్నా, సీలింగు విప్పినా” అన్నాను.

నేను గుగ్గిళ్ళ డబ్బా చేతులు మార్చుకున్నాను.

“పద్దెనిమిది ఉండాయి, నువ్వు పూడ్చినవి. ఆరు తెరుచుకోని ఉండాయి. అన్నీ నేను పెట్టినవే. నీ పనిలో లోపం లేదు. నలుగురి ముందర అనరాని మాట అన్నా. ఆ నలుగురి ముందరే తప్పు నాదని చెప్తా, షెడ్డుకి రా.”

పేపరు దించాడు గానీ నా వైపు చూడలేదు. వదిన వైపు చూశాడు. ఆవిడ లోపలికి పోయి, అటక కింది అరలోంచి మూడు డబ్బాలు తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. తెల్ల సీలెంట్ డబ్బాలు. సీలు కూడా విప్పలేదు.

“ఇది కామెర్లప్పటిది” అంది మొదటి డబ్బా చూపిస్తూ. “మంచంలో నుంచే నన్ను అంగడికి పంపి తెప్పించినారు. లేవలేకపోయినారు. ఇది పోయినేటిది. ఇది మొన్న పండగ మర్నాడు తెచ్చినారు. సంచి భుజానేసుకోని, చెప్పులేసుకోని, మద్యానం దాకా ఈ కుర్చీలోనే కూచున్నారు. ఏంటికి కొంటా ఉండారు అంటే చెప్పరు. ఫోను ఎత్తి ఎత్తి చూస్తారు.”

నేను ఆ డబ్బాల ముందు కూర్చున్నాను. అన్న వంగి, స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క మూత ఎత్తాడు. మొదటిది రాయిలా ఉంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు దిగింది.

“ఇది బాగుండాది” అన్నాడు. “ఈ పొద్దు ఎండ ఉండాది. పద.”

వాకిట్లోనే నిచ్చెన వేశాం. నేను గుగ్గిళ్ళ డబ్బాతో ఎక్కి, అన్నకు చెయ్యి అందించాను. ముందు మూలన ఇద్దరం కూర్చున్నాం. చిల్లుల చుట్టూ తుడిచి, ఆరేదాకా ఆగి, సీలెంట్ డబ్బా ఆయన వైపు జరిపాను. ఆయన దాన్ని మళ్ళీ నా వైపు జరిపాడు.

“ఈసారి నువ్వు పూడ్చు” అన్నాడు. “ఆ గుగ్గిళ్ళ డబ్బా ఇట్టా ఇయ్యి.”